24 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలైన వాదన

కుషాయిగూడలోని ఆ ఇంట్లో ఆదివారం భోజనాలయ్యాక, పప్పు గిన్నె తీసిన చోట ఒక బీగిల్‌బోన్ బ్లాక్ బోర్డు వచ్చి కూర్చుంది. అరచేతిలో ఇమిడే బోర్డు అది. దాని సీరియల్ పిన్నులకు తగిలించిన కేబుల్ ల్యాప్‌టాప్ దాకా పోయింది. ల్యాప్‌టాప్ ముందు మేనకోడలు కూర్చుంది. లినక్స్ కెర్నల్‌కు డ్రైవర్లు రాయడం ఆరేళ్లుగా ఆమె పని. ఎదుటి కుర్చీలో మేనమామ. పాతికేళ్లు బోర్డులు గీసి, టంకం పెట్టి, ఆసిలోస్కోపు ముందు రాత్రిళ్లు గడిపి రిటైరైన మనిషి. పుట్టి పెరిగింది పల్నాడులో, నాగార్జునసాగర్ కుడి కాలువ కింద.

గొడవ చిన్న మాటతో మొదలైంది. ఆఫీసులో ఒక కొత్త ప్రాసెసర్‌కు క్లాక్ డ్రైవర్ రాస్తున్నానని, లోపలి క్లాకులన్నిటినీ సీ కోడులో పట్టికలుగా పెడుతున్నానని ఆమె చెప్పింది.

"కోడులోనా? డివైస్ ట్రీ అనేది ఒకటి ఉండగా మళ్లీ ఆ పాపం ఎందుకు మూటగట్టుకుంటున్నావ్ అమ్మాయ్?" అన్నాడాయన.

"పాపం కాదు మావయ్యా. ఇప్పుడు అందరూ చేస్తున్నదే. ట్రీలో పెట్టినవాళ్లు వెనక్కి వస్తున్నారు కూడా."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. సాయంత్రం టీ వచ్చేదాకా ఆ బల్ల దగ్గర్నుంచి ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

ఇక్కడ క్లాక్ అంటే టైము చెప్పే గడియారం కాదు. ప్రాసెసర్ చిప్పులోని ప్రతి భాగం చేత అడుగు వేయించే విద్యుత్ తాళం. సీరియల్ పోర్టు, మెమరీ కార్డు, డిస్‌ప్లే, యూఎస్‌బీ, అన్నిటికీ ఆ తాళం కావాలి, ఒక్కోదానికి ఒక్కో వేగంలో కావాలి. అంతటికీ మూలం బోర్డు మీద ఉండే క్రిస్టల్. బీగిల్‌బోన్ బ్లాక్‌లో అది 24 మెగాహెర్ట్జ్‌ది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) తయారుచేసిన ఏఎం335ఎక్స్ ప్రాసెసర్ దాన్ని తీసుకుని ఏం చేస్తుందో ఒక్క సీరియల్ పోర్టు దారి పట్టుకుని చూస్తే తెలుస్తుంది. ముందు 24ను 24తో భాగిస్తే 1 మెగాహెర్ట్జ్. దాన్ని పీఎల్ఎల్ అనే సర్క్యూట్ 960 రెట్లు పెంచుతుంది. ఆ 960ని 5తో భాగిస్తే 192, ఆ 192ను 4తో భాగిస్తే 48. సీరియల్ పోర్టు గుమ్మం దాకా వచ్చేది ఈ 48 మెగాహెర్ట్జ్. పోర్టు తన లోపల మళ్లీ 16తో, 26తో భాగించుకుంటే సెకనుకు సుమారు 1,15,385 బిట్ల వేగం వస్తుంది. అవతలివాడు ఆశించేది 1,15,200. తేడా నూటికి 0.16 మాత్రమే కాబట్టి అక్షరాలు శుభ్రంగా పడతాయి.

ఆ 26 అనే సంఖ్యను లెక్క కట్టేది సీరియల్ డ్రైవర్. కట్టాలంటే తన గుమ్మం దగ్గర 48 ఉందని దానికి తెలియాలి. అది తెలియాలంటే 192, 960, 1, 24 అన్నీ కెర్నల్‌కు తెలియాలి. గొలుసులో ఒక్క లంకె తప్పుగా చెబితే చివరి అంకె తప్పుతుంది. ఈ గొలుసును కెర్నల్‌కు ఎక్కడ రాసి చెప్పాలన్నదే మేనమామ, మేనకోడళ్ల తగువు. డివైస్ ట్రీ అనే వివరణ ఫైలులో రాయాలని ఆయన, డ్రైవర్ కోడులో రాయాలని ఆమె.

"మా ఊళ్లో కాలువ చూశావుగా," అని ఆయన మొదలుపెట్టాడు. "మెయిన్ కాలువ, దాని మీద మేజరు, మేజరు మీద మైనరు, చివర చేలోకి బోదె. ప్రతి చోటా తూము, తూముకు షట్టరు. ఏ తూము ఎక్కడుందో ఇరిగేషన్ ఆఫీసు గోడ మీద మ్యాపు ఉంటుంది. లస్కరు మారినా మ్యాపు మారదు. క్లాకులూ అంతే. గేటు అంటే షట్టరు. చివరి చేనువాడు నీళ్లు చాలనేదాకా మైనరు మూయకూడదు. చివరివాడూ చాలన్నాడంటే మైనరు మూసెయ్యొచ్చు. మీ కెర్నల్ లెక్క పెట్టుకునేది అదేగా?"

"అదే. క్లాకును వాడేవాడు తెరవమన్నప్పుడల్లా ఒకటి కూడుతుంది, మూయమన్నప్పుడు ఒకటి తీసేస్తుంది. సున్నా అయితే గేటు పడుతుంది, పైదానికీ అదే లెక్క. కానీ మావయ్యా, కాలువ పోలిక ఒకచోట తేడా కొడుతుంది. పైరైతు ఎక్కువ వాడితే కిందివాడికి నీళ్లు తగ్గుతాయి. క్లాక్ అలా తరగదు. 192 మెగాహెర్ట్జ్‌ను పదిమంది తీసుకున్నా పదిమందికీ 192 అందుతుంది. మన చిక్కు వేరు. ఒకడు తన కోసం పైనున్న పీఎల్ఎల్ వేగం మార్చమంటే, దాని కింద ఉన్న ప్రతివాడి వేగమూ చెప్పాపెట్టకుండా మారిపోతుంది."

ఆ తేడాను ఆయన ఒప్పుకున్నాడు. మ్యాపు గోడ మీద ఉండాలన్న మాట మాత్రం వదల్లేదు.

వదలకపోవడానికి ఆయన దగ్గర ఒక పాత గాయం ఉంది. డివైస్ ట్రీ ఇంకా ఆర్మ్ ప్రాసెసర్లకు రాని రోజులవి. బోర్డు వివరాలన్నీ సీలో రాసిన బోర్డు ఫైల్ అనేదాంట్లో ఉండేవి. ఆయన పనిచేసిన చోట ఒక పరికరం రెండో విడత తయారీకి వెళ్లింది. కొనుగోలు విభాగం 24 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ దొరక్క 26ది తెప్పించింది. ప్రాసెసర్ రెంటినీ ఒప్పుకుంటుంది కాబట్టి ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. బోర్డులు వచ్చాయి, కరెంటు ఇచ్చారు, సీరియల్‌లో చెత్త అక్షరాలు. మూడు రోజులు కేబుళ్లు మార్చారు, చిప్పులు మార్చారు. మూడో రాత్రి ఆయన ఆసిలోస్కోపులో ఒక్క బిట్టు వెడల్పు కొలిచాడు. సెకనుకు 1,15,385 ఉండాల్సిన చోట 1,25,000 కనిపించింది. 26ను 24తో భాగించిన నిష్పత్తి సరిగ్గా అదే. నూటికి ఎనిమిది పైచిలుకు తేడా. సీరియల్‌లో ఒక అక్షరానికి మొదలు, చివర కలిపి పది బిట్లు. బిట్టుకు ఎనిమిది శాతం చొప్పున జారుతూ పోతే, పదో బిట్టు దగ్గరికి వచ్చేసరికి దాదాపు బిట్టంతా జారిపోతుంది.

"కెర్నల్ సోర్సులో ఎక్కడో అడుగున 24000000 అని ఒక్క అంకె. దాన్ని మార్చడానికి పాత బోర్డులకు ఒక కెర్నల్, కొత్త బోర్డులకు ఒక కెర్నల్. రెండూ కలిసిపోకుండా మూడేళ్లు కాపలా కాశాను. అది డివైస్ ట్రీలో ఉండి ఉంటే ఒక్క లైను. కెర్నల్ ఒకటే ఉండేది."

ఆయన చెప్పింది ఒక బోర్డు కథే అయినా, ఆర్మ్ లినక్స్ లోకం మొత్తానికీ అప్పట్లో అదే అవస్థ. డ్రైవర్లు క్లాకును ఎలా అడగాలన్న పద్ధతిని రస్సెల్ కింగ్ ఆధ్వర్యంలో 2004 నాటికే ఖాయం చేశారు. క్లాకును తెచ్చుకో, తెరువు, వేగం అడుగు, మూయి. అడిగే తీరు ఒకటే. క్లాక్ అంటే ఏమిటన్నది మాత్రం ప్రతి చిప్పు కంపెనీ తన డైరెక్టరీలో తనకు తోచినట్టు రాసుకుంది. ఒకే పేరుతో ఒక్కొక్కరిదీ ఒక్కో నిర్మాణం కావడంతో, రెండు కంపెనీల చిప్పులను ఒకే కెర్నల్ ఇమేజిలో కలిపి కట్టడం కుదిరేది కాదు. 2011లో లినస్ టోర్వాల్డ్స్ ఆర్మ్ కోడులోని ఈ గందరగోళం మీద బాహాటంగా విరుచుకుపడ్డాడు. అప్పటికే జెరెమీ కెర్ మొదలుపెట్టి ఉన్న ఉమ్మడి క్లాక్ నిర్మాణాన్ని లినారో సంస్థలో మైక్ టర్కెట్ ముందుకు తీసుకెళ్లి, 2012 మేలో వచ్చిన లినక్స్ 3.4లో చేర్చాడు. గేటు, డివైడర్, దారి మార్చే మక్స్, మారని వేగం, ఇలా నాలుగైదు రకాల ఇటుకలను ఒక్కసారి రాసిపెట్టారు. ఎవరి చిప్పు క్లాకులను వాళ్లు ఆ ఇటుకలతో కట్టుకోవచ్చు. అదే ఏడాది గ్రాంట్ లైక్లీ రాసిన పద్ధతితో డివైస్ ట్రీలో క్లాకులను చెప్పడమూ మొదలైంది. ఏడాది చివర్లో లినక్స్ 3.7 వచ్చేసరికి వేర్వేరు కంపెనీల ఆర్మ్ చిప్పులను ఒకే కెర్నల్‌లో కట్టడం సాధ్యమైంది.

"చూశావా," అన్నాడాయన. "ఇటుకలు కోడులో ఉన్నాయి. ఇల్లు ఎలా కట్టాలన్న ప్లాను కాగితం మీద ఉండాలి. డివైస్ ట్రీ పుట్టిందే అందుకు. సన్ కంపెనీ వర్క్‌స్టేషన్లలో, ఆపిల్ పాత పవర్‌పీసీ మెషీన్లలో ఓపెన్ ఫర్మ్‌వేర్ ఏం చేసేది? ఇదీ నా హార్డ్‌వేర్ అని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పేది. ఏ సిస్టమ్ అన్నది దానికి అనవసరం. ఇవాళ్టికీ ఈ బోర్డు ట్రీని లినక్సూ చదువుతుంది, ఫ్రీబీఎస్‌డీ కూడా తెచ్చుకుని చదువుతుంది. నీ సీ పట్టికను వాళ్లెవరైనా చదవగలరా?"

అది బలమైన ప్రశ్న. ఆమె దాన్ని తప్పించుకోలేదు.

"చదవలేరు. ఆ నష్టం ఒప్పుకుంటాను. ఒక విషయం చెప్పు మావయ్యా. గోడ మీద మ్యాపు గీసినవాడికి కాలువ పూర్తిగా తెలుసా?"

ఆమె చెప్పదలచుకున్నది ఆల్‌విన్నర్ చిప్పుల అనుభవం. ఆ చైనా కంపెనీ ప్రాసెసర్లు చౌక టాబ్లెట్లలో, చిన్న బోర్డుల్లో విరివిగా వచ్చాయి. వాటికి లినక్స్ మద్దతు రాసినవాళ్లలో చాలామంది స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లు. 2013లో వాళ్లు క్లాకులను మేనమామ కోరుకున్నట్టే చేశారు. ప్రతి పీఎల్ఎల్‌కు, ప్రతి డివైడర్‌కు, ప్రతి గేట్ల గుంపుకు డివైస్ ట్రీలో ఒక్కో నోడ్. మాన్యువల్ అరకొరగా ఉండేది. కంపెనీ విడుదల చేసిన కోడు చూసి కొంత, రిజిస్టర్లు కదిపి చూసి కొంత తెలుసుకున్నారు. తెలిసినంత వరకు ట్రీలో రాశారు. తర్వాత ఇంకా తెలిసింది. ఈ డివైడర్ తాము అనుకున్న రకం కాదు, ఈ పీఎల్ఎల్‌కు ఇంకో లెక్క ఉంది, ఈ రిజిస్టర్‌లో రెండు పనులు కలిసి ఉన్నాయి. ప్రతిసారీ ట్రీలో రాసింది మార్చాల్సి వచ్చేది. మార్చడమేమో సులభం కాదు.

"ట్రీ ఒకసారి బయటికి వెళ్లిందంటే అది మాటిచ్చినట్టే," అంది ఆమె. "పాత ట్రీతో కొత్త కెర్నల్ బూట్ కావాలన్నది నియమం. ఎందుకంటే ఆ ట్రీ ఎవడి బోర్డులో, ఏ ఫ్లాష్ చిప్పులో కాల్చేసి ఉందో మనకు తెలీదు. కోడులో తప్పు రాస్తే రేపు దిద్దుకుంటా, ఎవరికీ నొప్పి లేదు. ట్రీలో తప్పు రాస్తే ఆ తప్పును జీవితాంతం మోయాలి."

చివరికి 2016లో, లినక్స్ 4.8తో, ఆల్‌విన్నర్ క్లాకుల కోసం మాక్సిమ్ రిపార్డ్ కొత్త డ్రైవర్ల కుటుంబం తెచ్చాడు. హెచ్3 చిప్పుతో ఆరంభం. డజన్ల కొద్దీ నోడ్లు పోయి ట్రీలో ఒకే ఒక్క నోడ్ మిగిలింది. చిప్పులో క్లాకుల పెట్టె ఫలానా అడ్రసులో ఉందని అది చెబుతుంది, అంతే. లోపలి చెట్టంతా సీ పట్టికల్లోకి వెళ్లింది. సీరియల్ పోర్టు నోడ్ తనకు ఆ పెట్టెలో ఫలానా నంబరు క్లాక్ కావాలని అడుగుతుంది. ఆ నంబర్ల జాబితా ఒక హెడర్ ఫైలులో ఉంటుంది, ట్రీ, డ్రైవర్ రెండూ దాన్నే చదువుతాయి. ఒకసారి ఇచ్చిన నంబరును మాత్రం మార్చరు. మాటిచ్చింది అంతవరకే.

ఈ ఘట్టం దగ్గర మేనకోడలి గొంతు కాస్త పెరిగింది. ఆమెకూ ఒక గాయం ఉంది మరి. ఒక పరికరంలో డిస్‌ప్లే క్లాక్ డివైడర్‌ను చిప్పు మాన్యువల్ నాలుగు బిట్లదని చెప్పింది, ట్రీలో అలాగే రాశారు. చిప్పులో ఉన్నది మూడు బిట్లే. పైబిట్టు వేరే పనికి. కొన్ని రిజల్యూషన్లలో మాత్రమే తెర మినుకుమినుకుమనేది. తప్పు దొరికేసరికి పరికరాలు ఊళ్లకు వెళ్లిపోయాయి, ట్రీ బూట్‌లోడర్‌తో కలిసి రాసి ఉంది. బూట్‌లోడర్‌ను దూరం నుంచి మార్చే సాహసం ఎవరూ చేయరు, మధ్యలో కరెంటు పోతే పరికరం ఇటుకరాయే. చివరికి ఆమె కెర్నల్‌లో ఒక ప్రత్యేక తనిఖీ రాసింది. ఫలానా చిప్పు అయితే ట్రీ నాలుగు అన్నా నమ్మొద్దు, మూడే అనుకో. "మ్యాపు చెప్పింది నమ్మొద్దని లస్కరుకు చీటీ రాసిచ్చాను మావయ్యా. అలాంటి మ్యాపు గోడ మీద ఎందుకు?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. బోర్డును తన వైపు తిప్పుకుని వెండిరంగు క్రిస్టల్ మీద వేలు పెట్టాడు.

"సరే. ఈ బోర్డునే తీసుకో. టీఐ వాళ్లు 2014లో లినక్స్ 3.14తో ఈ చిప్పు క్లాకుల చెట్టంతా డివైస్ ట్రీలోకి ఎక్కించారు. డివైడర్, మక్స్, గేటు, ప్రతిదీ నోడే. ఎంత అందంగా ఉందో చూడు. ఈ చిప్పుకు నాలుగు రకాల క్రిస్టళ్లు పనికొస్తాయి: 19.2, 24, 25, 26. ఏది పెట్టారో చెప్పడానికి బూట్ పిన్నుల్లో రెండున్నాయి. పవర్ రాగానే చిప్పు ఆ పిన్నులు చూసి స్టేటస్ రిజిస్టర్‌లో రెండు బిట్లు రాసుకుంటుంది. ట్రీలో దాన్ని ఒక మక్స్‌గా రాశారు. నాలుగు క్లాకులు, రెండు బిట్లు, ఏ బిట్లకు ఏ క్లాక్. అంతే! క్రిస్టల్ మార్చి, రెండు రెసిస్టర్లు మార్చి బోర్డు ఆన్ చేస్తే ఒక్క అక్షరం దిద్దకుండా లెక్కంతా సరిపోతుంది. ఇదే ఆ రోజు నాకు ఉండి ఉంటే మూడు రాత్రులు మిగిలేవి."

నిజంగా అందమైన రాత అది. పాఠకుడు కెర్నల్ సోర్సు తెరిచి చూడగలిగితే, ఏఎం33ఎక్స్ఎక్స్ క్లాకుల ఫైలులో ఇప్పటికీ కనిపిస్తుంది. మేనకోడలు ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలే తెరిచింది.

"ఆ నాలుగు క్లాకుల పేర్లు చదువు."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. నాలుగింటికీ ముందు వర్ట్ అని ఉంది. వర్చువల్ అని అర్థం.

"బోర్డు మీద క్రిస్టల్ ఎన్ని మావయ్యా?"

"మెయిన్ క్లాకుకు ఒకటే."

"ట్రీలో నాలుగు. మూడు లేనివి. అక్కడ మక్స్ అని రాశారు కానీ సిలికాన్‌లో నాలుగు తీగలు వచ్చి కలిసే మక్స్ లేదు. రిజిస్టర్ చదివి, విలువను బట్టి అంకె ఎంచుకోవడమనే పని ఉంది. అది సాఫ్ట్‌వేర్ పని. ఐదు లైన్ల సీ కోడును హార్డ్‌వేర్ వివరణ వేషం కట్టించి ట్రీలో నిలబెట్టారు. హార్డ్‌వేర్‌ను ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్నావుగా నువ్వు?"

ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. వివరణ అంటే ఏమిటన్న అసలు ప్రశ్న ఇక్కడ బయటపడింది. తీగలు ఎలా ఉన్నాయో చెప్పడమా, ఏ లెక్క చేస్తే సరైన అంకె వస్తుందో చెప్పడమా? మేనమామకు రెండోదైనా పర్వాలేదు, కోడు బయట ఉంటే చాలు. మేనకోడలికి మొదటిదే వివరణ, రెండోది ప్రోగ్రామ్. ఈ వ్యాసకర్త ఈ ఒక్క చోట నిస్సంకోచంగా ఆమె పక్షమే. లేని క్రిస్టల్‌కు పేరు పెట్టి నోడ్ రాయడం మొదలుపెడితే, ట్రీ చదివే కొత్త ఇంజనీరు దేన్ని నమ్మాలో, దేన్ని ఆసిలోస్కోపు పెట్టి వెతకాలో తేల్చుకోలేడు.

ఆమె అక్కడ ఆగలేదు. అదే టీఐ చిప్పుల కథలో తర్వాతి అధ్యాయం చెప్పింది. ఒక్కో పరికరానికి తాళం తెరిచే గేట్ల రిజిస్టర్లను టీఐ ఇంజనీర్లు 2017 ప్రాంతంలో ట్రీ నోడ్ల నుంచి తీసి సీ పట్టికల్లోకి మార్చారు. ట్రీలో గుంపుకొక నోడ్ మాత్రం ఉంచారు. పీఎల్ఎల్‌లు, డివైడర్లు ట్రీలోనే మిగిలాయి. కెర్నల్ సోర్సులోనే ఒక ఫంక్షన్ పైన హెచ్చరిక ఉంది. క్లాకుకొక నోడ్ రాసే పాత పద్ధతి బైండింగుల కోసమే దీన్ని ఉంచామని, కొత్తగా ఎవరూ వాడొద్దని దాని సారాంశం.

"అంటే నాది పాత పద్ధతి అయిపోయిందన్నమాట," అన్నాడాయన. గొంతులో కోపం లేదు కానీ కష్టం ఉంది.

"నీ భయం పాతబడలేదు మావయ్యా. 24 అనే అంకె సోర్సు అడుగున దాక్కోకూడదని నువ్వన్నావు. దాక్కోలేదు. కొత్త ఆల్‌విన్నర్ నోడ్ చూపిస్తా ఉండు." ఆమె ఇంకో ఫైలు తెరిచింది. క్లాకుల పెట్టె ఒకే నోడ్. దానికి బయటి నుంచి వచ్చే క్లాకులు రెండే రెండు, 24 మెగాహెర్ట్జ్‌దీ 32 కిలోహెర్ట్జ్‌దీ. "బోర్డు డిజైనర్ చేతిలో ఉన్నవి ఇవి. టంకం పెట్టి అతికించేవి. రేపు కొనుగోలు విభాగం మార్చగలిగేవి. ఇవి ట్రీలో ఉన్నాయి. చిప్పు లోపలున్నది ఎవరూ మార్చలేరు. ఈ చిప్పు హెచ్3 అని తెలిస్తే లోపలి చెట్టంతా తెలిసినట్టే. దాన్ని బోర్డు బోర్డుకూ మోసుకెళ్లడం దేనికి?"

ఆయన దీనికి జవాబు వెతకలేదు. వేరే దారిలో వచ్చాడు.

"చిప్పు లోపలిది నీ కోడు చూసుకుంటుందన్నావు. మరి కోడుకు తెలియనివాడు ఒక క్లాకును వాడుతుంటే? 2014లో ఆ తెర నల్లబడ్డ గొడవ గుర్తుందా?"

గుర్తుండకపోవడమేమిటి. కెర్నల్ బూట్ చివర్లో ఇల్లంతా తిరిగి, ఎవరూ అడగని క్లాకులన్నీ ఆపేస్తుంది. కరెంటు ఆదా కోసం. గేటు మూస్తే ఆ భాగంలో ట్రాన్సిస్టర్లు కదలవు, కదలకపోతే ఆ మేరకు వేడీ లేదు, బ్యాటరీ ఖర్చూ లేదు. ఊరికి పోయేముందు స్విచ్చులన్నీ ఆపి, ఫ్రిజ్ కూడా ఆపేసి వెళ్లినట్టవుతుంది ఒక్కోసారి. ఆల్‌విన్నర్ బోర్డుల్లో బూట్‌లోడర్ ముందే తెర వెలిగించి, ఫలానా మెమరీలో బొమ్మ ఉందని కెర్నల్‌కు అప్పగించేది. ఆ సాదా ఫ్రేమ్‌బఫర్ డ్రైవర్‌కు క్లాకుల సంగతి తెలీదు, కాబట్టి ఎవరూ వాటిని అడగలేదు. కెర్నల్ ఆపేసింది. తెర చీకటి. ఫ్రేమ్‌బఫర్ నోడ్‌లో దానికి కావలసిన క్లాకుల పేర్లు రాస్తే పోతుందని ఒక వర్గం, ఆ నోడ్ అసలు హార్డ్‌వేరే కాదు, దానికి క్లాకులేమిటని ఇంకో వర్గం చాలాకాలం పోరాడాయి. చివరికి రాయడమే గెలిచింది.

"ట్రీలో రాయడమే గెలిచింది," అని ఆయన ఒత్తి పలికాడు.

"గెలిచింది, నాకూ అది సబబే. బూట్‌లోడర్ ఏం వెలిగించి వదిలిందో బూట్‌లోడర్‌కే తెలుసు. తెలిసినవాడే చెప్పాలి. కానీ మెమరీ కంట్రోలర్ క్లాక్ లాంటిది ఉందనుకో. ఆపితే సిస్టమే చస్తుంది. అది ఏ బోర్డులోనైనా ఆ చిప్పుకు అంతే. అందుకని దాన్ని ఆపకూడనిదిగా గుర్తుపెట్టే జెండాను 2016లో డ్రైవర్ కోడు వైపు ఇచ్చారు. ఇందాక చెప్పిన హెచ్చరిక ఉన్నది దీన్ని ట్రీ నుంచి చదివే ఫంక్షన్ మీదే."

ఇంతలో టీ వచ్చింది. తాగుతూ వాళ్లు మూడో దారి గురించి కొద్దిసేపు మాట్లాడుకున్నారు, అందులో పెద్ద తగువు లేదు. క్లాకులను కెర్నల్‌కే చూపించకుండా ఫర్మ్‌వేర్ చేతిలో పెట్టడం ఆ దారి. కెర్నల్ అడుగుతుంది, ఫర్మ్‌వేర్ ఇస్తుంది. ఆర్మ్ కంపెనీ దీనికోసం ఎస్‌సీఎంఐ అనే ప్రమాణమే రాసింది. రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో చాలా క్లాకులను వీడియోకోర్ అనే గ్రాఫిక్స్ ప్రాసెసర్ మీద నడిచే ఫర్మ్‌వేర్ చూసుకుంటుంది. అందులో వచ్చే చిక్కు పై 3 వాడినవాళ్లకు తెలుసు. ఆ బోర్డులోని మినీ యూఆర్ట్ సీరియల్ పోర్టు తన తాళాన్ని గ్రాఫిక్స్ కోర్ క్లాక్ నుంచి తీసుకుంటుంది. పనిభారాన్ని బట్టి ఫర్మ్‌వేర్ ఆ కోర్ వేగం మారిస్తే, సీరియల్ వేగం కూడా దాంతో పోతుంది. అందుకే అక్కడ సీరియల్ కన్సోల్ ఆన్ చేసినప్పుడు కోర్ వేగాన్ని ఒక్కచోట కట్టేస్తారు. "మ్యాపు గోడ మీదా లేదు, లస్కరు చేతిలోనూ లేదు. ఇంజనీరుగారి బీరువాలో ఉంది," అని మేనమామ బాధపడ్డాడు. ఒకే క్లాకును రెండు ప్రాసెసర్లు పంచుకునే చిప్పుల్లో ఎవరో ఒకరు మధ్యన ఉండక తప్పదని మేనకోడలు అంది. అక్కడితో వదిలేశారు.

బోర్డుకు కరెంటు ఇచ్చారు. సీరియల్‌లో అక్షరాలు శుభ్రంగా దిగాయి. ఆమె డీబగ్ డైరెక్టరీలో క్లాకుల సారాంశం చూపే ఫైలు తెరిచింది. తెర నిండా చెట్టు, ఒక్కో లైను ఒక్కో మెట్టు లోపలికి జరుగుతూ. పక్కన ఎంతమంది తెరిచారన్న లెక్క, ఆ పక్కన వేగం. ఆయన వేలు పెట్టి పై నుంచి కిందికి దిగాడు: 24000000, 960000000, 192000000, 48000000.

"ఇది చాలు నాకు," అన్నాడు. "నువ్వు కోడులో రాయి, ట్రీలో రాయి. నడుస్తున్న బోర్డు తన చెట్టు తాను ఇలా చూపిస్తే, ఆ రోజు మూడు రాత్రులు పట్టేది కాదు. అరగంట పట్టేది."

"ఈ ఫైలు కెర్నల్ నమ్మేదే చూపిస్తుంది మావయ్యా. క్రిస్టల్ 26 అయి, పిన్నులు 24 అంటుంటే ఇక్కడా 24 అనే ఉంటుంది. అప్పుడు నీ ఆసిలోస్కోపే కావాలి."

ఆయన ముఖం వెలిగింది. బోర్డును ఇంకోసారి దగ్గరికి తీసుకుని, హెచ్‌డీఎంఐ చిప్పు ఉన్న వైపు ఇంకో చిన్న డబ్బా చూపించి అదేమిటని అడిగాడు. హెచ్‌డీఎంఐలో శబ్దం కోసం పెట్టిన ఆసిలేటర్ అది, 24.576 మెగాహెర్ట్జ్. దాన్ని తెరిచి మూయడానికి చిప్పు నుంచి ఒక జీపీఐఓ పిన్ను వెళ్లింది. ట్రీలో రెండే నోడ్లు. మారని వేగం గల క్లాక్ ఒకటి, ఆ పిన్నుతో తెరుచుకునే గేటు ఒకటి. చిప్పు బయట, బోర్డు మీద, కంటికి కనిపించేవి. సీ కోడులో ఈ బోర్డు కోసం ప్రత్యేకంగా ఒక్క లైనూ లేదు.

"ఇది ట్రీలోనే ఉండాలి," అంది ఆమె, ఆయన అడగకముందే.

"512తో భాగిస్తే 48 కిలోహెర్ట్జ్," ఆయన నోటిలెక్క కట్టేశాడు. "మరి నా పాత సీడీ పాటలు 44.1వి కదా. సరిగ్గా భాగం పోదే?"

"పోదు. దానికి 22.5792 ఆసిలేటర్ వేరే కావాలి. ఈ బోర్డు మీద లేదు."

"అతికిస్తే?"

"అతికించు. రెండు నోడ్లు నేను రాస్తా."

ఆయన టంకం పెట్టె వెతకడానికి లేచాడు.